పేదరికం లెక్క గడప దాటి లోపలికి రావాలి

అందరికీ నమస్కారం.

మన దగ్గర పేదరికాన్ని కుటుంబం లెక్కన కొలుస్తారు. రేషన్ కార్డు కుటుంబానిది, ఆదాయమూ కుటుంబానిదే. ఇంట్లోకి వచ్చిన రూపాయి అందరికీ సమానంగా అందుతుందని నమ్మకం. ఆఖర్న తినేదెవరో, జ్వరమొస్తే మాత్రతో సరిపెట్టుకునేదెవరో మనకు తెలుసు. ఆ తేడా మాత్రం లెక్కకు రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, మగవాళ్లలో 25 శాతం మందికి. నెలసరి, కాన్పులు కొంత కారణమే. కంచంలో ఏం మిగిలిందన్నదీ కారణమే.

ఎక్కడికో ఎందుకు, మన ఫిషింగ్ హార్బర్‌కే వెళ్దాం. తెల్లారకముందే వేలం పాట మొదలవుతుంది. చేపలమ్మే ఆడమనిషి పాడాలంటే చేతిలో డబ్బుండాలి. లేకపోతే రోజు వడ్డీ. పొద్దున 900 చేతిలో పెట్టి సాయంత్రానికి 1000 తీసుకునే అప్పు నెలలో 20 రోజులు చేస్తే వడ్డీకే 2000 పోతుంది. ఆపైన ఐసు ఖర్చు, ఆటో ఖర్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది, మంచిదే. కానీ నీళ్లు కారే చేపల గంపని బస్సెక్కించడం కుదిరే పని కాదు. అమ్మే చోట మరుగుదొడ్డి లేకపోతే మధ్యాహ్నం దాకా మంచినీళ్లు కూడా తాగరు. పొద్దుగూకేసరికి మిగిలిన సరుకుని ఎంతకో అంతకు వదిలించుకోవాల్సిందే. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాల్సిందీ ఆవిడే మరి. ఆ తొందర కనిపెట్టి బేరమాడేది ఎవరో కాదు, మనమే.

రోజులో ఏ పనికి ఎంత సమయం పోతుందో లెక్కగట్టే టైమ్ యూజ్ సర్వే 2024లో జరిగింది. దాని ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్లు 88. ఆ 88 కూడా ఇంటిపనిలో చెయ్యేసే మగవాళ్ల సగటు. అసలు వెయ్యని వాళ్లు అందులో లేరు!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. అప్పుడిచ్చే భృతి వేటకెళ్లేవాళ్ల పేరున వస్తుంది. అది ఇవ్వాల్సిందే. అయితే బోటు కదలకపోతే అమ్మేవాళ్లకూ బేరం లేనట్టే కదా? భర్త పోయి, ఇంట్లో వేటకెళ్లే మనిషే లేక, చేపలమ్మి పిల్లల్ని సాకుతున్న ఆవిడ ఆ రెండు నెలలూ ఎలా గడపాలి? ఆమెది ఒక వృత్తి అని, ఆమె పేరున ఒక కార్డు ఉండాలని ఒప్పుకోకుండా ఎన్ని పథకాలు పెట్టినా ఈ ప్రశ్న అలాగే ఉంటుంది.

డ్వాక్రా చాలా చేసింది, కాదనను. చాలా ఇళ్లలో మాత్రం అప్పు ఆమె పేరున వచ్చి మగవాళ్ల అవసరాలకు పోతుంది. వాయిదా కట్టే టెన్షన్ ఒక్కటే ఆమెకు మిగులుతుంది. అప్పు ఎంత ఇచ్చామన్నదే కాదు, ఎవరి చేతిలో ఖర్చయిందో కూడా సంఘాల్లో అడగాలి.

ఇక హార్బర్ విషయానికొస్తే, వేలానికి ముందు పెట్టుబడి ఇచ్చి, సాయంత్రం నామమాత్రపు వడ్డీతో తీసుకునే సంఘం అక్కడే కావాలి. పొద్దున పదింటికి తెరిచే బ్యాంకు వాళ్లకు పనికిరాదు. అప్పటికి వేలం అయిపోయి ఉంటుంది.