కెప్లరా, ఫారడేనా? అక్కా తమ్ముళ్ల పోట్లాట

అక్క: నమస్కారం. ఈ వారం ప్రశ్న చిన్నదే, గొడవ మాత్రం పెద్దది. చరిత్రలోని శాస్త్రవేత్తల్లో, గణితవేత్తల్లో మీకు బాగా ఇష్టమైనవాళ్లెవరు? ఒక్క పేరే చెప్పాలి.

తమ్ముడు: ఒక రూల్ కూడా పెట్టుకున్నాం. "అందరికన్నా గొప్పవాడు కాబట్టి" అనకూడదు. లేకపోతే న్యూటన్, ఐన్‌స్టైన్ అనేసి రెండు నిమిషాల్లో మైకులు కట్టేసుకోవచ్చు. గొప్పతనం వేరు, ఇష్టం వేరు. ముందు నువ్వు చెప్పక్కా.

అక్క: కెప్లర్. యొహానెస్ కెప్లర్.

తమ్ముడు: గ్రహాలు దీర్ఘవృత్తాల్లో తిరుగుతాయన్నాయన. పరీక్ష కోసం మూడు సూత్రాలు బట్టీ పట్టాం, పరీక్ష అయ్యాక మర్చిపోయాం.

అక్క: అదేరా నా బాధ. మొదటి సూత్రం పుస్తకంలో ఒక్క లైను. ఆ లైను దాకా రావడానికి ఆయన ఎన్ని తిప్పలు పడ్డాడో 1609లో అచ్చయిన ‘ఆస్ట్రోనోమియా నోవా’లో పూసగుచ్చినట్టు రాసి పెట్టాడు. అందరూ ఫెయిర్ కాపీ ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఈయన రఫ్ పేజీలు కూడా అచ్చు వేయించాడు. నాకు ఆయన నచ్చింది అందుకే.

తమ్ముడు: రఫ్ పేజీలంటే?

అక్క: 1600లో ఆయన టైకో బ్రాహీ దగ్గర పనికి చేరాడు. ఇంకా టెలిస్కోపు రాలేదు. ఉత్త కంటితోనే టైకో ఏళ్ల తరబడి గ్రహాల స్థానాలు కొలిచి పెట్టుకున్నాడు, అంత కచ్చితంగా అప్పటిదాకా ఎవరూ కొలవలేదు. అంగారకుడి కక్ష్య తేల్చే పని కెప్లర్ మీద పడింది. ఎనిమిది రోజుల్లో తేల్చేస్తానన్నాడు.

తమ్ముడు: ఎన్నాళ్లు పట్టింది?

అక్క: దీర్ఘవృత్తం అని తేలేసరికి 1605 వచ్చింది. అసలు సంగతి మధ్యలో ఉంది, విను. మొదట పాత పద్ధతిలోనే, కక్ష్య వృత్తమే అనుకుని లెక్క మొదలుపెట్టాడు. సూటిగా తేలే లెక్క కాదది. ఒక ఊహ పట్టుకుని చివరిదాకా చేయడం, తేడా చూసుకోవడం, ఊహను కొంచెం జరిపి మళ్లీ మొదటి నుంచీ చేయడం. పెద్ద గుణకారాల్ని సులువు చేసే లాగరిథమ్‌లు కూడా లేవు, అవి 1614లో వచ్చాయి. ఈ లెక్కతో మీకు విసుగొస్తే, దీన్ని కనీసం 70 సార్లు చేసిన నా మీద జాలి పడండి అని ఆ పుస్తకంలోనే రాసుకున్నాడు.

తమ్ముడు: అచ్చు పుస్తకంలోనా! ఈ రోజుల్లో రీసెర్చ్ పేపర్లో అలా రాస్తే ఎడిటర్ ముందు ఆ వాక్యమే కొట్టేస్తాడు.

అక్క: అంత చేశాక టైకో కొలతలతో 2 ఆర్క్ మినిట్ల తేడా లోపే సరిపోయింది. ఆర్క్ మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. అక్కడ ఆపేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. కానీ అంగారకుడి దూరాల్ని ఇంకో దారిలో సరిచూస్తే పొసగలేదు. దూరాలు సరిచేస్తే ఇటు దిశలో 8 ఆర్క్ మినిట్లు తేడా వచ్చింది.

తమ్ముడు: 8 అంటే మరీ ఎక్కువా?

అక్క: పున్నమి చంద్రుడి వెడల్పు దాదాపు 30 ఆర్క్ మినిట్లు. అందులో నాలుగో వంతు అనుకో. ప్రాచీన ఖగోళ శాస్త్రవేత్త టాలెమీ దగ్గరున్న కొలతలతో అయితే ఆ తేడా అసలు కనపడదు, ఆ కొలతల్లోనే 10 దాకా తప్పు ఉండొచ్చని కెప్లరే అన్నాడు. టైకో మాత్రం అంత తప్పు చేసే మనిషి కాదు, కాబట్టి తప్పు నా లెక్కదే అని ఒప్పుకుని, ఏళ్ల పనిని పక్కన పడేశాడు. రెండు వేల ఏళ్లుగా ఎవరూ కదిలించని వృత్తం ఆ 8 దగ్గరే కదిలింది.

తమ్ముడు: అక్కడి నుంచి తిన్నగా దీర్ఘవృత్తమేనా?

అక్క: అదీ లేదు. కోడిగుడ్డు ఆకారం ఒకటి పట్టుకుని దాంతో చాలాకాలం అవస్థ పడ్డాడు. నవ్వొచ్చే విషయం ఏంటంటే, ఇది దీర్ఘవృత్తమైనా బాగుండేది, పాత గ్రీకు గణితవేత్తలు ఆర్కిమెడిస్, అపొలోనియస్ ఎప్పుడో తేల్చిపెట్టిన జవాబులు దొరికేవి అని ఆ రోజుల్లో స్నేహితుడికి ఉత్తరం కూడా రాశాడు!

తమ్ముడు: చేతిలో పెట్టుకుని ఊరంతా వెతికాడన్నమాట. సరే, ఇప్పుడు నేను అడ్డం పడతా. ఆయన జాతకాలు రాశాడు. అప్పటికి తెలిసిన ఆరు గ్రహాల మధ్య ఐదు ఘనాకృతులు ఇరికించి విశ్వ రహస్యం దొరికిందన్నాడు. పైగా టైకో పోయాక ఆ రికార్డులు వారసుల కన్నుగప్పి తీసుకున్నాడు.

అక్క: తీసుకున్నాడు. ఆ మాట బయటపెట్టిందీ ఆయన ఉత్తరమే కదా! ఘనాకృతుల పిచ్చి మాత్రం చివరిదాకా వదల్లేదు, అక్కడ నేను ఆయన తరఫున వాదించను. కానీ 1621లో ఆ ఘనాకృతుల పాత పుస్తకాన్నే మళ్లీ వేసినప్పుడు మొదటి పాఠం అలాగే ఉంచి, కుర్రతనంలో ఎక్కడ పొరబడ్డానో కింద నోట్సులో రాశాడు. అదే సమయంలో వాళ్లమ్మ మీద మంత్రగత్తె అని కేసు నడుస్తోంది. ఆవిడ 14 నెలలు నిర్బంధంలో ఉంది. ఈయన పనులు పక్కన పెట్టి వెళ్లి వాదన తయారు చేయించాడు, 1621లో విడిపించుకున్నాడు. సరే, నీ మనిషెవరు?

తమ్ముడు: మైకేల్ ఫారడే. నీ కొలబద్దతోనే కొలుద్దాం, రఫ్ పేజీలేగా కావాలి? ఆయన ప్రయోగాల డైరీలో పేరాలకు నంబర్లు ఉంటాయి, అవి 16 వేలు దాటాయి.

అక్క: పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనిచేసినాయన కదా?

తమ్ముడు: ఆ కథ అందరూ చెబుతారులే. 1831 ఆగస్టు 29 సంగతి విను. ఇనుప రింగుకు రెండు వైపులా రెండు తీగ చుట్లు, ఒకదానికొకటి తగలవు. ఒక చుట్టకు బ్యాటరీ, రెండో చుట్ట నుంచి వెళ్లే తీగ దగ్గర అయస్కాంత సూది. బ్యాటరీ కలిపితే సూది ఒక్కసారి ఊగి మళ్లీ తన చోటికి వచ్చేసింది. తీసేస్తే మళ్లీ ఊగింది. కరెంటు పారుతున్నంతసేపూ మాత్రం కదలదు!

అక్క: నేనైతే తీగ లూజుగా ఉందేమో అనుకునేదాన్ని.

తమ్ముడు: ఎవరైనా అంతే. పారే కరెంటు కాదు, మార్పే అసలు కారణమని ఆయన పట్టుకున్నాడు. అక్టోబరుకల్లా తీగ చుట్టలోకి అయస్కాంతాన్ని తోసి, లాగి కరెంటు పుట్టించాడు. జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. నాకు ఇంకా నచ్చేవి ఆయన ఓడిపోయిన పేజీలు. గురుత్వాకర్షణకీ విద్యుత్తుకీ సంబంధం ఉందేమోనని 1849లో వస్తువుల్ని పై నుంచి కిందికి వదిలి చూశాడు, ఏమీ రాలేదు. ఏమీ రాలేదనే పేపర్ వేశాడు, నమ్మకం మాత్రం పోలేదని కూడా అందులోనే చెప్పాడు. 1862లో కాంతి వర్ణపటం మీద అయస్కాంత ప్రభావం కోసం వెతికాడు, అదీ సున్నా. 1896లో జేమన్ అనే ఆయన, ఫారడే దీని కోసం వెతికాడని చదివి, ఇంకా మంచి పరికరాలతో మళ్లీ చేస్తే ప్రభావం కనిపించింది! తర్వాత నోబెల్ కూడా వచ్చింది.

అక్క: ఇది గట్టి దెబ్బే. ఇద్దరిదీ ఒకటే రకం ఇష్టం అయిపోయిందిరా. దీనికి పూర్తిగా వ్యతిరేకం గణితవేత్త గాస్. ఆయన ముద్ర మీద ఉండే మాటకు అర్థం ‘కొద్దిగా, కానీ పండినవే’ అని. మనం స్కూల్లో చదివే యూక్లిడ్ జ్యామితి కాని వేరే జ్యామితిని ఎప్పుడో ఆలోచించి పెట్టుకుని బయటికి చెప్పలేదు. 1832లో అదే జ్యామితి మీద కుర్రాడు యానోష్ బోయాయి చేసిన పని ఆయనకు చేరితే, దీన్ని పొగిడితే నన్ను నేను పొగుడుకున్నట్టే అని వాళ్ల నాన్నకు జవాబు రాశాడు. ఆ కుర్రాడు కుంగిపోయాడు. గణితంలో గాస్ అంతటివాడు లేడు, ఒప్పుకుంటా. ఇష్టపడమంటే మాత్రం నా వల్ల కాదు.

తమ్ముడు: మరి గణితవేత్త ఎమ్మీ నోథర్? డైరీలు లేవు, పడ్డ కష్టాల కథనాలూ లేవు. జర్మనీలోని గటింగెన్ యూనివర్సిటీలో ఏళ్లపాటు జీతం లేకుండా, అక్కడి ప్రొఫెసర్ హిల్బర్ట్ పేరు మీద క్లాసులు చెప్పింది. తన ఆలోచనలు విద్యార్థులకు పంచిపెట్టేసింది. నీ కొలబద్ద ఆవిడకు సరిపోదు.

అక్క: సరిపోదు. ఆవిడను ఇష్టపడేవాళ్లు ఆ ఉదారత చూసి ఇష్టపడతారు, నాకేం అభ్యంతరం లేదు. వినేవాళ్లు కూడా పేరు ఒక్కటే పంపకండి. ఆ మనిషి చేసిన ఒక్క పని, మీకు నచ్చింది, వివరంగా రాయండి. గాస్ అభిమానులు కూడా రాయొచ్చు.

తమ్ముడు: రాస్తారు. ఫెయిర్ కాపీ మాత్రమే పంపుతారు.