చిక్కుడు పాదును ఇప్పుడే పీకెయ్యకండి

నమస్తే అండి. వినాయక చవితి అయిపోయింది, బతుకమ్మకి ఇంకా టైముంది. మిద్దె మీద తోట పెంచుకునే వాళ్లని ఏడాది మొత్తంలో బాగా టెన్షన్ పెట్టే రోజులు ఇవే. ఒక పక్క వానాకాలం పంట ముదిరిపోతోంది. ఇంకో పక్క చలికాలం కూరగాయలకి నారు పోసుకునే టైము వచ్చేసింది. కుండీలు మాత్రం ఉన్నవే ఉంటాయి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? ఈరోజు వీడియో అంతా దీని గురించే. నేను చెప్పేది హైదరాబాద్ వాతావరణాన్ని బట్టి. కోస్తాలో ఉన్నవాళ్లకి చివర్లో వేరేగా చెప్తాను.

ఈ మధ్య మీ దగ్గర్నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న చిక్కుడు గురించి. "జూన్‌లో విత్తనం పెట్టాం, పందిరంతా అల్లుకుంది, ఆకు తప్ప ఒక్క పువ్వు లేదు, పీకేసి క్యాబేజీ పెట్టేద్దామా?" అని అడుగుతున్నారు. వద్దండి. దయచేసి పీకొద్దు. మన పాత నాటు చిక్కుళ్లు పగలు తగ్గి రాత్రి పెరిగితే గానీ పూతకి రావు. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉంటాయి. అక్కడి నుంచి డిసెంబరు దాకా రాత్రి పెరుగుతూనే పోతుంది. ఆ తేడాని మొక్క ఆకుల్లో పసిగడుతుంది. అప్పుడే పూమొగ్గ కట్టడం మొదలుపెడుతుంది. మీ పాదు గొడ్డుది కాదు, దాని టైము ఇంకా రాలేదంతే. అక్టోబరు, నవంబరు నెలల్లో గెలలు గెలలుగా పూస్తుంది. సంక్రాంతి దాకా మీ ఇంట్లో చిక్కుడుకాయ కూరకి లోటుండదు.

పూత రావడం లేదని కంగారుపడి ఎరువు మాత్రం కుమ్మరించకండి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తే నత్రజని ఎక్కువై ఇంకా ఆకే వస్తుంది. ఇప్పుడు ఆ పాదుకి చెయ్యాల్సింది రెండే. లోపల గుబురుగా ఉన్న ముదురు ఆకులు కొన్ని తీసేసి గాలి ఆడనివ్వండి, పందిరి కట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి. పొట్టిగా, పొదలా పెరిగే చిక్కుడు రకాలు కొన్ని ఏ కాలంలో పెట్టినా పూస్తాయి. మీ దగ్గర అవి ఉంటే ఈ లెక్క వర్తించదు.

చామంతి కూడా ఇలాంటిదే. దీంట్లో చాలామంది గమనించని విషయం ఒకటుంది. మిద్దె మీద రాత్రంతా లైటు వెలుగుతుంటే, లేదా వీధి దీపం వెలుతురు నేరుగా కుండీ మీద పడుతుంటే, చామంతికి రాత్రి సరిగ్గా అందదు. మొగ్గ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. పక్కింటి వాళ్ల చామంతి విరగబూసి మీది ఆకులతోనే ఉందంటే ముందు ఆ లైటు సంగతి చూడండి. కుండీని నీటి ట్యాంకు చాటుకి జరిపినా చాలు. ఇంకో మాట, ఇప్పుడు చామంతి చివళ్లు తుంచకండి. తుంచే పని ఆగస్టుతో అయిపోవాలి. ఇప్పుడు తుంచితే పోయేది మొగ్గే.

రాత్రులు పెరగడం వల్ల మనం నష్టపోయేది గోంగూర దగ్గర. మొన్నటిదాకా అరచెయ్యంత ఆకులు ఇచ్చిన మొక్క ఇప్పుడు చిన్న చిన్న ఆకులు వేస్తూ పూతకి తయారవుతోంది. బలం తక్కువైందనుకుని ఎరువు వేస్తారు. అది బలం సమస్య కాదు. దాని వయసూ కాలమూ అలాంటివి. ఉన్న ఆకంతా ఒకేసారి కోసి పచ్చడి పెట్టేసుకోండి. ఆరోగ్యంగా ఉన్న మొక్క ఒకటి విత్తనానికి వదిలెయ్యండి. ఆ పువ్వు ఎంత అందంగా ఉంటుందో చాలామంది చూసి ఉండరు. లేత పసుపు రేకులు, మధ్యలో ముదురు ఎరుపు. ఒక్క పూటే ఉంటుంది. ఆ ఒక్క మొక్క ఇచ్చే విత్తనం వచ్చే ఏడాదికి మీకూ, మీ చుట్టుపక్కల నాలుగిళ్లకూ సరిపోతుంది.

ఇక నిజంగా తీసెయ్యాల్సిన వాటి దగ్గరికి వద్దాం. నాకు ఈ నెలలో అన్నిటికంటే కష్టమైన పని ఇదే. బీర పాదు చూడండి. కింది ఆకులన్నీ ఎండిపోయాయి, పైన బూడిద తెగులు పట్టింది, అయినా చివర్లో రెండు పిందెలు వేలాడుతున్నాయి. ఆ రెండు పిందెల కోసం చాలామంది ఇంకో నెల ఆగుతారు. ఆ నెలలో అక్కడ క్యాలీఫ్లవర్ నారు నిలదొక్కుకునేది. పైగా ఆ పిందెలు మంచి కాయలవుతాయన్న గ్యారంటీ లేదు, ఎందుకంటే ఇప్పుడు పండు ఈగ బాగా ఎక్కువ. పిందె మీద చిన్న గాటు, అక్కడ జిగురు బొట్టు కనిపిస్తే లోపల గుడ్లు పెట్టేసిందని అర్థం. కాయ వంకర తిరిగి కుళ్లిపోతుంది. చేత్తో నీళ్లు పోసి, పందిరి కట్టి, ఎదురుచూసిన కాయని కోసినప్పుడు లోపల పురుగులు కదులుతుంటే ఎంత బాధగా ఉంటుందో పెంచినవాళ్లకే తెలుసు.

అలాంటి కాయల్ని కుండీలోనే పడేయకండి, కంపోస్టులో కూడా వెయ్యొద్దు. ఆ పురుగు మట్టిలోకి దిగి ప్యూపాగా (గూడు దశలోకి) మారి మళ్లీ ఈగై వస్తుంది. ప్లాస్టిక్ కవర్‌లో వేసి మూతి గట్టిగా కట్టి ఎండలో పడేయండి. ఇంకా బాగా కాస్తున్న కాకర, సొర పాదులుంటే పిందె దశలోనే పాత పలుచని గుడ్డ సంచి తొడగండి. అదే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. పండు ఈగల్ని పట్టే ఎర బుట్టలు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. జామకి, మామిడికి వాడే ఎర వేరు, తీగజాతి కాయలకి వాడే ఎర వేరు. కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

పాదు తీసే ముందు ఒక్క సాయంత్రం దాని దగ్గర కూర్చోండి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. సొర పువ్వు కూడా అంతే, చీకటి పడే వేళకి తెల్లగా మెరుస్తూ ఉంటుంది. కాకర, గుమ్మడి మాత్రం తెల్లవారుజామున పూస్తాయి. వాన ముసురు పట్టిన రోజుల్లో తేనెటీగలు రావు, అందుకే ఆడ పువ్వులు పిందె పట్టకుండా రాలిపోతాయి. మగ పువ్వు కోసి, రేకులు తీసి, ఆ పుప్పొడిని ఆడ పువ్వుకి మీరే అద్దొచ్చు. ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో తెలియకుండా పొద్దున్నే బీర పువ్వుకి పుప్పొడి అద్దితే ఫలితం అంతగా ఉండకపోవచ్చు.

ఇంకో ఫిర్యాదు. "వాన నీళ్లు మొక్కలకి మంచివంటారు, మావేమో ఆకులు పసుపు రంగులోకి మారుతున్నాయి." వాన నీళ్లు మంచివే. కానీ కుండీలో ఉన్న మట్టి ఎంతండీ? రోజూ వాన పడితే అందులోని నత్రజని నీళ్లతో పాటు కింది రంధ్రం గుండా కొట్టుకుపోతుంది. నేల మీద మొక్కకి వేరు లోతుకి పోయే అవకాశం ఉంది, కుండీలో మొక్కకి లేదు. వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజున పైమట్టి గుల్లచేసి, కుండీకి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టు వేసి మట్టితో కప్పండి. ముందు కుండీ అడుగు రంధ్రం తెరిచి ఉందో లేదో పుల్లతో పొడిచి చూడండి. నీళ్లు నిలిచి వేరు కుళ్లినా ఆకు పసుపే అవుతుంది. అప్పుడు ఎరువు వేస్తే ఇంకా పాడవుతుంది. మట్టి వాసన పుల్లగా, మురుగ్గా ఉంటే అది నీళ్ల సమస్యే.

కుండీల కింద పళ్లేలు పెట్టినవాళ్లు ఈ రెండు నెలలు వాటిని తీసెయ్యండి. డెంగీ దోమ నిలిచిన మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో దోమ తయారవుతుంది. మన తోట వల్ల పక్కింటి పిల్లలకి జ్వరం రాకూడదు కదా.

మిరప ఆకు ముడతలకి అందరూ ఒకే మందు అడుగుతున్నారు. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అయితే అది పై ముడత, రసం పీల్చే సన్నటి తామర పురుగుల పని. ఆకు కిందికి ముడుచుకుని కాడ సాగితే అది కింది ముడత, కంటికి సరిగ్గా కనిపించనంత చిన్న తెల్లనల్లి పని. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటల్ని ముంచిన నల్ల తామర పురుగు అయితే పువ్వుల్లోనే చేరుతుంది. కాబట్టి పువ్వు విదిల్చి తెల్ల కాగితం మీద చూడండి. రెండు మూడు కుండీలున్న ఇంట్లో పెద్ద మందులు అక్కర్లేదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల సబ్బు నీళ్లు వేసి, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి. బాగా ముడుచుకున్న చివళ్లు కత్తిరించి తీసెయ్యండి.

పేనుబంక, అంటే లేత చివళ్లకి గుంపుగా పట్టి రసం పీల్చే చిన్న పురుగులు, కనిపించగానే మాత్రం స్ప్రే అందుకోకండి. దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడ అక్షింతల పురుగు ఉండొచ్చు, ఎర్ర డొప్ప మీద నల్ల చుక్కలతో. దాని పిల్ల పురుగు నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో ఉంటుంది. చాలామంది దాన్నే చీడ అనుకుని చంపేస్తారు. అది పేనుబంకని తిని బతికేది, ఉండనివ్వండి. కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే గొంగళిపురుగు సీతాకోకచిలుకది. ఆకు తింటుంది, నిజమే. నేను వాటికోసం ఒక చిన్న కరివేపాకు మొక్క విడిగా ఉంచుతాను, దొరికినవాటిని తీసి దాని మీద వదిలేస్తాను. ఈ రోజుల్లో మిద్దె మీద తూనీగలు, సీతాకోకచిలుకలు ఇన్ని తిరుగుతుంటే అది కూడా పంటే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రంగులు వెయ్యని మట్టి గణపతిని ఇంట్లోనే బకెట్లో నిమజ్జనం చేసినవాళ్లు ఆ మట్టిని వాడుకోవచ్చు. అది బంకమట్టి, అలాగే కుండీలో పోస్తే గట్టిపడి నీళ్లు దిగవు. ఆరబెట్టి, పొడిచేసి, కంపోస్టు, కొబ్బరి పొట్టు కలిపి వాడండి. పత్రి అంతా కంపోస్టు డబ్బాలోకి.

నారు విషయానికొస్తే, టమాటా, వంగ, క్యాబేజీ, క్యాలీఫ్లవర్ ట్రేలలో ఇప్పుడే పోసుకోవచ్చు. ట్రేలు వాన పడని చోట, కానీ వెలుతురు బాగా ఉన్న చోట పెట్టండి. తడి ఎక్కువైతే నారుకుళ్లు వచ్చి మొక్కలు మొదట్లో మెత్తబడి పడిపోతాయి. క్యాలీఫ్లవర్ విత్తనం కొనేటప్పుడు చలి ముదరకముందే వేసుకునే తొలి రకమా అని చూడండి. చలికాలం నడుమకి తయారుచేసిన రకం ఇప్పుడు పెడితే పువ్వు సరిగ్గా కట్టదు. ధనియాలు రెండు బద్దలు చేసి చల్లండి, మెంతులు అలాగే చల్లండి. గులాబీ కత్తిరింపు ఇప్పుడు వద్దు, వానలు పూర్తిగా తగ్గాక అక్టోబరులో.

కోస్తా జిల్లాల వాళ్లకి లెక్క కొంచెం వేరు. మీకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానులు ఉంటాయి. అందుకని నారు మొత్తం ఒకేసారి పొయ్యకండి, పది పదిహేను రోజుల తేడాతో రెండు మూడు విడతలుగా పోసుకోండి. ఒక విడత వానకి పోయినా ఇంకోటి మిగులుతుంది. తుఫాను హెచ్చరిక వస్తే పిట్టగోడ మీదున్న కుండీలు ముందు కిందికి దించండి. పందిరి మీద బరువైన సొరకాయలుంటే లేతవైనా కోసెయ్యండి.