పిల్లికి తిండి పడనప్పుడు

శ్రోతలకు నమస్కారం.

పెంపుడు పిల్లికి విరేచనాలు పట్టుకున్నాయంటే చాలా ఇళ్లలో మొదట చేసేది తిండి మార్చడం. పాత ప్యాకెట్ పక్కన పెట్టి కొత్తది తెస్తారు. నాలుగు రోజులయ్యాక అదీ పడలేదనిపించి ఇంకోటి తెస్తారు. అంతా ప్రేమతోనే. కానీ తిండి ఉన్నట్టుండి మారినా పిల్లి కడుపు పాడవుతుంది. పైగా ఇన్ని మార్చాక అసలు పడనిది ఏదో ఎవరికీ తేలదు. అందుకే ముందు ఈ మార్పులు ఆపండని అడుగుతున్నాను.

తిండి పడకపోవడం రెండు రకాలు. ఒకటి, అరగించుకునే శక్తి లేకపోవడం. దీనికి పాలే ఉదాహరణ. పిల్లి అనగానే మనకు పాలగిన్నె గుర్తొస్తుంది గానీ, తల్లిపాలు మానేశాక పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమ్ బాగా తగ్గిపోతుంది. ఇష్టంగా తాగుతుంది, తర్వాత కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి. రెండోది అలర్జీ. తిండిలోని ఒక ప్రోటీన్ మీద శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే తిరగబడుతుంది. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేవి గొడ్డు మాంసం, చేప, కోడిమాంసం అలర్జీలు. వాంతులు, విరేచనాలతో పాటు తల, మెడ దగ్గర విపరీతంగా గోక్కుంటుంటే దీన్ని అనుమానించాలి. ఏళ్ల తరబడి తిన్న తిండికే ఒకరోజు అలర్జీ మొదలవ్వచ్చు. కాబట్టి, ఎప్పుడూ తినేదే కదా అని దాన్ని లెక్కలోంచి తీసేయకండి.

అలాగని తప్పంతా తిండిదే అనుకోకూడదు. కడుపులో పురుగులు, జియార్డియా లాంటి పరాన్నజీవులు, క్లోమం వాపు, వయసు మీరిన పిల్లుల్లో థైరాయిడ్, కిడ్నీ జబ్బులు, ఇవన్నీ వాంతుల రూపంలోనో విరేచనాల రూపంలోనో బయటపడతాయి. ముందు మలపరీక్ష, అవసరమైతే రక్తపరీక్ష చేయించాలి.

అవన్నీ చూశాక కూడా అనుమానం తిండి మీదే ఉంటే, అప్పుడు డాక్టర్ సలహాతో ఆహార పరీక్ష మొదలుపెట్టాలి. తిండి అలర్జీని రక్తం చూసి నమ్మకంగా చెప్పే పరీక్ష లేదు. పిల్లి ఇంతవరకు తినని మాంసంతో చేసిన తిండినో, ప్రోటీన్‌ను అతి చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఆహారాన్నో డాక్టర్ సూచిస్తారు. పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ, 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా దానికి మారాలి. ఆ తర్వాత అదీ, నీళ్లూ తప్ప ఇంకేమీ పెట్టకూడదు. కడుపు బాధలు తిండి వల్లే అయితే సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో తేడా తెలుస్తుంది. చర్మం దురదకు కనీసం 8 వారాలు ఆగాలి.

ఈ పరీక్ష ఎక్కువగా చెడిపోయేది ఇంట్లోవాళ్ల జాలి వల్లే. అమ్మ కఠినంగా ఉంటే తాతయ్య బల్ల కింద ఓ ముక్క వేస్తారు. పిల్లలు ట్రీట్ పెడతారు. ఇంకో పిల్లి ఉంటే దాని గిన్నె ఖాళీ చేసి వస్తుంది. మాంసం రుచి కలిపిన మందుబిళ్లలు కూడా లెక్కలోకే వస్తాయి. ఆ ఒక్క ముక్కతో అన్ని వారాల శ్రమ వృథా కావచ్చు. అందుకే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ముందే చెప్పండి. పిల్లి తిన్నది, వాంతి, మలం తీరు రోజూ రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించడానికి మొహమాటపడక్కర్లేదు.

పిల్లి కుదుటపడగానే చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నిజానికి పాత తిండి మళ్లీ పెట్టి చూస్తేనే విషయం తేలుతుంది. కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో బాధలు తిరిగొస్తే కారణం దొరికినట్టే.

ఇంట్లో వండిన మాంసమే మంచిది కదా అని అడుగుతారు. కొద్ది రోజులకు, డాక్టర్ చెబితే, సరే. ఎల్లకాలం ఉత్త మాంసం చాలదు. టారిన్ అనే పోషకం తగ్గితే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు తేల్చారు. చూపు కూడా దెబ్బతింటుంది. ఉల్లి, వెల్లుల్లి అసలు కలపకూడదు, అవి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి.

ఒక మాట మాత్రం దయచేసి అనకండి: “ఆకలేస్తే అదే తింటుందిలే.” పిల్లి విషయంలో అది ప్రమాదం. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. కొత్త తిండి ముట్టకపోతే మొండికేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం కనిపించినా, దారం మింగిందని అనుమానం వచ్చినా ఆ రోజే చూపించాలి. దారం బయటికి కనబడుతుంటే లాగకండి, పేగు తెగే ప్రమాదం ఉంది. మనుషుల మందులు వేయకండి, పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపేయగలదు. మగపిల్లి లిట్టర్ బాక్స్‌లో మాటిమాటికీ కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుంటారు. చాలాసార్లు అది మూత్రం అడ్డుపడటం. అప్పుడు తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా సరే వెంటనే తీసుకెళ్లండి.

సెలవు.