జబ్బని రాసియ్యమంటే రాసియ్యను
(కర్నూలులో మహిళా దినోత్సవ సభలో ఒక మానసిక వైద్యురాలి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువా కప్పినారు, సంతోషం. ఫ్యాన్లు తిరగడం లేదు కాబట్టి మిగతా మర్యాదలు వదిలేస్తా. నాకిచ్చిన అంశం 'మహిళలు, మానసిక ఒత్తిడి'. దానికే తయారై వచ్చినా గానీ, ఈ మధ్య ఒకామె కొడుకును పిల్చుకొచ్చింది, అది చెప్పకుండా ఉండలేను. ఊరూ పేరూ అడగొద్దు.

బస్సులో ఒక ఆడపిల్లను తాకరాని చోట తాకినాడు. కేసయింది. "మేడం, ఇదేదో జబ్బంట, ఫోన్లో చూసినాం. ఒక కాయితం రాసియ్యండి" అంటుంది తల్లి.

జబ్బు ఉంది, లేదనను. ఫ్రాటరిస్టిక్ డిజార్డర్ అంటారు. 1890లోనే ఫ్రాన్సులో మాన్యాన్ అనే డాక్టరు ఇట్లాంటోళ్ల గురించి రాసినాడు. అమెరికా మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తుపట్టేదానికి రాసుకున్న పుస్తకంలో 1987లో దానికి సొంత చోటు దొరికింది. 2013 కూర్పు ప్రకారం, ఒప్పుకోని మనిషిని తాకాలనే, రాసుకోవాలనే కోరిక కనీసం ఆరు నెలలు పదేపదే బలంగా కలగాలి. ఆ పని చేసైనా ఉండాలి, లేదా ఆ కోరికతో తానే నలిగిపోతుండాలి. చెయ్యి వేసిన ప్రతివాడూ రోగి కాడు. కౌన్సెలింగు ఉంది, మందులున్నాయి. కేసు కాకముందే వచ్చి "నాకిట్లా ఉంది మేడం" అన్నోన్ని నేను వాకిట్లో నిలబెట్టను.

అదే 1987 పుస్తకంలో ఇంకో సంగతుంది, దాన్ని ఎవరూ ఫోన్లో చూడరు. ఇట్లాంటోడు రద్దీ చోటే చూసుకుంటాడంట, దొరక్కుండా తప్పించుకోవచ్చని. వింటున్నారామ్మా? చూసుకుంటాడు! పోలీసాయన పక్కన నిలబడితే చెయ్యడు. ఏం చేస్తున్నాడో తెలియనంత మతి చెలించినోనికి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్ ఉంది. వీనికి అన్నీ తెలుసు, దిగాల్సిన స్టాపుతో సహా. వీనికి 75 ఉంది: మూడేళ్ల దాకా కఠిన కారాగారం, లేదా జరిమానా, లేదా రెండూ.

నేను ఎంబీబీఎస్ చదివే రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి వస్తుంటే, గంపతో నిలబడిన ఒక పెద్దామె గిర్రున తిరిగి, "ఏమ్రా, బస్సు కుదుపుతాందా, నువ్వే కుదుపుతాండావా?" అనింది. బస్సంతా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంట. కండక్టరేమో, "సర్దుకోమ్మా, రష్షులో తగలదా?" అన్నాడు. ఆమె గంప దించుకొని కోడుమూరులోనే దిగిపాయె. వాడు సీటు దొరికించుకొని కర్నూలు దాకా వచ్చినాడు.

నేను చదివిన పాత కేసు చరిత్రల్లో వాని కోరిక ఎట్లా పుట్టిందని పేజీలు పేజీలు రాసినారు. ఇట్లా దిగిపోయినామె ఆ రాత్రి ఇల్లెట్లా చేరిందో ఒక్క ముక్క లేదు.

ఆ, ఒత్తిడి గురించి కదా. ఇదే ఒత్తిడి!

కాయితం ఇయ్యలేదు. వైద్యానికి రమ్మన్నా, వాయిదాలకు పొమ్మన్నా. తల్లి తిట్టుకుంటా పోయింది.

డిపో నుంచి వచ్చినోళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు టికెట్టు లేదు, బస్సులు కిటకిటలాడుతున్నాయి. ఒకామె అరిస్తే ఎవరిని దించుతారన్నా? వాన్నా, ఆమెనా? మైకు మీకిస్తున్నా, చెప్పండి.