టర్బో పెంకు కాస్ట్ ఐరన్, చక్రం నికెల్ అల్లాయ్: ఎందుకిలా?

నమస్తే. అనంతపురంలో బోరు లారీలు రిపేరు చేసే ఏ షెడ్డుకు పోయినా ఒక మాట చెవిన పడుతుంది: "కాస్ట్ ఐరన్ చీప్ సరుకన్నా, డబ్బు మిగుల్చుకోవడానికి పెడతారు. నికెల్ అల్లాయ్ పెట్టుంటే జన్మలో పగలదు." ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇదిగో, విప్పిన టర్బో, అంటే ఇంజన్ వదిలే వేడి పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసే యంత్రం. బయటి గరుకు పెంకు కాస్ట్ ఐరన్. లోపల తిరిగే చక్రం నికెల్ అల్లాయ్, అంటే నికెల్ ఎక్కువగా ఉన్న మిశ్రమ లోహం. రెండింటికీ తగిలేది అదే వేడి పొగ. మరి రెండు లోహాలెందుకు?

మన బేతంచెర్ల నాపరాయిని చూడండి. నేల మీద పరిస్తే ట్రాక్టరెక్కినా చెక్కు చెదరదు. అదే బండను రెండు ఇటుకల మీద పెట్టి నడుమ సుత్తితో ఒక్కటేస్తే టక్కున రెండు ముక్కలు. వంగడమన్నదే లేదు. మామూలు కాస్ట్ ఐరన్ గుణమూ ఇదే. అందులోని 2.5 నుంచి 4 శాతం కార్బన్‌లో ఎక్కువ భాగం సన్నటి గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. లేత్ (లోహాన్ని తిప్పి కోసే యంత్రం) మీద కోసేటప్పుడు చేతికి అంటుకునే నల్లపొడి అదే. నొక్కితే ఆ రేకులతో పేచీ లేదు, లాగితే వాటి అంచుల నుంచే పగులు పాకుతుంది. అందుకే లాగుడు కంటే నొక్కుడును మూడు నాలుగు రెట్లు ఎక్కువ ఓర్చుకుంటుంది. అదురును మింగేసేదీ ఆ రేకులే. లేత్ బెడ్డును దీంతోనే పోస్తారంటే అదీ ఒక కారణం.

ఇప్పుడు చక్రం. చిన్న టర్బోల్లో నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది. ప్రతి రెక్కనూ ఆ వేగం బయటికి లాగుతుంటుంది, పైగా కాలుతుంటుంది. అక్కడ నాపరాయి గుణం పనికిరాదు. మామూలు కాస్ట్ ఐరన్ 450 డిగ్రీలు దాటితే బలం జారుతుంది. ఇంకొనెల్ లాంటి అల్లాయ్‌లో నికెల్, అల్యూమినియం కలిసి కంటికి కనిపించని గట్టి రేణువులై లోహాన్ని జరగనీయవు, అందుకే 700 దగ్గర కూడా పట్టు సడలదు.

అయితే పెంకునూ నికెల్ అల్లాయ్‌తోనే చేయొచ్చు కదా? పెంకు తిరగదు, దానికి ఆ లాగుడు లేదు. కాస్ట్ ఐరన్ 1200 డిగ్రీల దగ్గరే కరిగి మూస మూలమూలకూ పారుతుంది, సులువుగా కోతకొస్తుంది. నికెల్ అల్లాయ్ కోసేకొద్దీ గట్టిపడుతుంది. వేడిని కాస్ట్ ఐరన్‌లో మూడో వంతు కూడా మోయదు కాబట్టి టూల్ మొనే కాలిపోతుంది. ఇంకో సంగతి: గ్రాఫైట్‌ను రేకులుగా కాక ఉండలుగా మార్చి, నాపరాయిలా విరిగేదాన్ని వంగేలా చేసిన కీత్ మిల్లిస్ 1943లో పనిచేసింది నికెల్ అమ్మే ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలోనే! టర్బో పెంకులు చాలావరకు ఈ రకమే.

టైమ్ అయిపోతోంది, వెల్డింగ్ గురించి గబగబా చెప్తాను. పగిలిన కాస్టింగ్‌కు మామూలు స్టీల్ రాడ్ వేస్తే అది కార్బన్‌ను పీల్చుకుని గాజులా గట్టిపడి పక్కనే మళ్లీ పగులుతుంది. నికెల్ రాడ్ మెత్తగా ఉండి సాగుతుంది, ఆకురాయికీ లొంగుతుంది. ఒక అంగుళం వేయండి, సుత్తితో మెల్లగా తట్టండి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతి అంగుళం. నీళ్లు మాత్రం పోయకండి.