స్మోకర్ మూత మూశాక సిగ్నల్ వస్తుందా? వైర్‌లెస్ థర్మామీటర్ ఎంచుకోవడం ఇలా

నమస్కారమండీ. వెనక పొగ కనిపిస్తోంది కదా, అది ఓక్ కట్టెల పొగ. ఈ స్మోకర్‌లో, అంటే పొగతో మాంసం వండే ఈ ఉక్కు పొయ్యిలో, బ్రిస్కెట్ ఉంది, అదే ఆవు రొమ్ము మాంసం. తెల్లవారకముందే పెట్టాను, సాయంత్రం దాకా పని లేదు. అందుకే ఈ వీడియో ఇప్పుడు చేస్తున్నాను. మన డాలస్ వాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు, మాంసంలో గుచ్చే వైర్‌లెస్ థర్మామీటర్ ఏది కొనాలి అని. బల్ల మీద మూడు రకాలు పెట్టాను, ఇదిగో. తమ్ముడూ, కెమెరా కొంచెం కిందికి దించు. ఆ, అక్కడే.

ముందు ఒక్క మాట. స్మోకర్ మూత మీద ఈ గుండ్రటి డయల్ ఉంది చూశారా, దీన్ని నమ్మకండి. ఇది చూపించేది మూత దగ్గర గాలి వేడి. మాంసం ఉన్నదేమో ఇక్కడ, కింద, జాలీ మీద. ఈ రెండుచోట్ల మధ్య పాతిక డిగ్రీలు, ఒక్కోసారి యాభై డిగ్రీలు తేడా ఉంటుంది. నేను అన్నీ ఫారెన్‌హీట్‌లోనే చెబుతున్నాను, సెల్సియస్ కావాలంటే యాప్‌లో మార్చుకోవచ్చు, అది తేలికే.

కాబట్టి మనకు కావలసినవి రెండు కొలతలు. మాంసం లోపలి వేడి ఒకటి, జాలీ దగ్గర గాలి వేడి ఒకటి. రెండు, గుర్తుంచుకోండి.

మొదటి రకం ఇది. మాంసంలో గుచ్చే సన్నని సూదికి, అంటే ప్రోబ్‌కి, వైరు ఉంటుంది, వైరు మూత సందులోంచి బయటికి వచ్చి ఈ డబ్బాకి తగులుకుంటుంది. ఈ డబ్బా రేడియో ద్వారా ఇంట్లో ఉన్న ఈ రెండో డబ్బాకి చెబుతుంది. ఫోను అక్కరలేదు, యాప్ అక్కరలేదు, పాస్‌వర్డు అక్కరలేదు. థర్మోవర్క్స్ వాళ్ళ స్మోక్ అనేది ఈ కోవలోదే. రెండో రకం కూడా వైరుదే, కానీ వైఫైకి కలుస్తుంది, ఫైర్‌బోర్డ్ లాంటివి. ఆరు ప్రోబ్‌ల దాకా పెట్టుకోవచ్చు, ఆఫీసులో కూర్చుని కూడా గ్రాఫు చూసుకోవచ్చు. మూడో రకం, అందరికీ నచ్చేది, అసలు వైరే లేనిది. మీటర్ ప్లస్ లాంటివి. కొన మాంసంలో, వెనక భాగం బయట గాలిలో, రెండు సెన్సర్లూ ఒకదానిలోనే. ఈ గీత కనిపిస్తోందా? ఇక్కడి దాకా పూర్తిగా లోపలికి దిగాలి, లేకపోతే ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. అందుకే పలచటి ముక్కలకు ఇది పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం. దీని దగ్గర కాస్త ఆగుదాం.

కొన్నప్పుడు వచ్చే అట్టపెట్టె మీద ఏం రాశారో చూడండి. ఇన్ని అడుగుల దూరం పనిచేస్తుంది అని. ఆ దూరం అడ్డమేమీ లేని ఖాళీ మైదానంలో కొలిచినది. మన స్మోకర్ ఉక్కుది. మూత మూశామంటే ప్రోబ్ చుట్టూ నాలుగు వైపులా లోహమే. బ్లూటూత్ సంకేతం లోహాన్ని దాటలేదు, ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి మాత్రమే బయటపడుతుంది. ఆ తరువాత ఇటుక గోడ, ఆ తరువాత ఫ్రిజ్. వైరున్న రకంలో ఈ బాధ లేదు, ఎందుకంటే సంకేతం పంపే డబ్బా మొదటినుంచీ బయటే ఉంది.

అందుకని ఏది కొన్నా, తిరిగి ఇచ్చే గడువు లోపలే ఈ పరీక్ష చేయండి. నిప్పు అక్కరలేదు, మాంసం కూడా అక్కరలేదు. చల్లటి స్మోకర్‌లో ప్రోబ్ పెట్టండి. మూత పూర్తిగా మూయండి. ఫోను పట్టుకుని వంటింట్లోకి నడవండి, తరువాత మీరు పడుకునే గదికి వెళ్ళండి. తలుపులు మూసే ఉంచండి, రాత్రి మూసే పడుకుంటారు కదా. ఆ గదిలో ఓ పావుగంట కూర్చోండి. సంకేతం తెగిపోయిందా, తిరిగి ఇచ్చేయండి. తెగకపోతే ఉంచుకోండి. మీటర్ ప్లస్‌కి ఛార్జింగు పెట్టెలోనే సంకేతాన్ని ముందుకు పంపే ఏర్పాటు ఉంది, ఆ పెట్టెను స్మోకర్‌కి దగ్గరగా, వేడి తగలని చోట పెట్టి చూడండి.

వైఫై రకం అయితే ఇంకో సంగతి. చాలావరకు ఇవి 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తాయి. రౌటర్‌లో 2.4, 5 అనే రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే యాప్ తిరుగుతూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది. రౌటర్ సెట్టింగుల్లో అతిథుల నెట్‌వర్క్ ఒకటి 2.4 మీద తెరిచి దానికి కలపండి, గొడవ వదిలిపోతుంది. మిగతా యాప్ పనులు మీకు తెలిసినవే, తెర మీద చూపిస్తున్నాను, దాటేస్తున్నాను.

సరిగ్గా చూపిస్తోందా లేదా? గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు, పైన నీళ్ళు, బాగా కలిపి ప్రోబ్ మధ్యలో పెట్టాలి. గ్లాసు గోడకి తగలకూడదు. 32 రావాలి. ఒకటి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

ఇప్పుడు ఎక్కడ గుచ్చాలి. బ్రిస్కెట్‌లో రెండు కండరాలు ఉంటాయి, మధ్యలో కొవ్వు పొర. ప్రోబ్ పలకలా ఉన్న భాగంలో, మందంగా ఉన్నచోట, పక్కనుంచి దిగాలి. కొవ్వులో దిగితే ఆ అంకె మాంసానిది కాదు. బీఫ్ తినని వాళ్ళు చాలామంది ఉన్నారు, తెలుసు. కోడి అయితే రొమ్ము మధ్యలో, ఎముకకి తగలకుండా, 165 రావాలి. మేక తొడ బాగా మెత్తబడాలంటే 195 దాకా పోనివ్వండి. బ్రిస్కెట్ 200 దాటాక ప్రోబ్ అడ్డు లేకుండా దిగితే అయినట్టు.

గాలి వేడి ప్రోబ్‌ని మాత్రం మాంసానికి రెండు అంగుళాల దూరంలో జాలీకి క్లిప్పుతో పెట్టండి. తడి మాంసం పక్కన గాలి చల్లగా ఉంటుంది, అందుకే వైరులేని రకం మొదటి గంటల్లో తక్కువ చూపిస్తుంది. చూసి కంగారుపడి కట్టెలు వేయకండి. క్లిప్పు పోయిందా? సగం బంగాళాదుంపకి ప్రోబ్ గుచ్చి జాలీ మీద పెట్టండి, నాకు క్లిప్పుకన్నా అదే ఇష్టం.

ఇదిగో చూడండి, తెర మీద 158 దగ్గర గీత అడ్డంగా సాగుతోంది. గంటకి పైగా ఇలాగే ఉంది. థర్మామీటర్ పాడవలేదు. మనకి చెమట పట్టినట్టే మాంసం మీది తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తోంది. 150కీ 170కీ మధ్య ఎక్కడో ఇలా ఆగడం మామూలే. తొందరగా ఉంటే కసాయి కాగితంలో, అంటే మాంసం చుట్టే మందపాటి కాగితంలో, చుట్టేయండి. ఇక్కడ మాత్రం వైరులేనిదే హాయి, చుట్టడానికి ఏ తోకా అడ్డురాదు.

మరి ఏది కొనాలి? రాత్రంతా పొగబెట్టేవాళ్ళు మొదటి రకం కొనండి, అలారం 225కి కింద, 275కి పైన పెట్టి పడుకోండి. తిరిగే కమ్మీ మీద కాల్చేవాళ్ళకి వైరులేనిది తప్ప దారి లేదు. ఒకేసారి నాలుగు రకాల మాంసం వండే ఇంటికి వైఫైది. కడిగేటప్పుడు వైరు, ప్రోబ్ కలిసే చోట నీళ్ళు తగలనివ్వకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. మీ స్మోకర్ ఏ రకమో, పడకగది ఎంత దూరమో కింద రాయండి, దాన్నిబట్టి చెబుతాను.