ఎపిసోడ్ 41: పాలు పొంగించే ముందు ఎవరికి చూపించాలి?

చిన్నోడు: ఆయ్, నమస్కారమండి. కొత్తిల్లు కట్టాక, మేస్త్రికి సంబంధం లేని ఇంజినీరుని పిలిచి చూపించుకోవడం. అదండి ఇవాళ్టి సంగతి. బావ చెప్తాడు.

బావ: ముందు నీళ్ళు...

చిన్నోడు: వద్దు బావా. పోయిన వారమంతా నీళ్ళే.

బావ: సర్లే. స్లాబు మీద నీళ్ళు నిలబెట్టి కింద చెమ్మ చూస్తాడు. టైల్సు తట్టి చూస్తాడు, డొల్లగా మోగితే కింద మాలు సరిగ్గా లేనట్టే. రీబౌండ్ హేమరని ఒకటి ఆనించి స్తంభం గట్టితనం చూస్తాడు. అంచనాకే అనుకో.

చిన్నోడు: నేను పిలుద్దామంటే మా నాన్న ఒప్పుకోలేదు. "మేస్త్రి నీకు మావయ్య వరస, రేపు పెళ్ళిలో ఎదురైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలి" అని.

బావ: పిల్లనిచ్చేప్పుడు నాలుగూళ్ళు తిరిగి వాకబు చేస్తాం. అప్పుడెవరూ అలగరే?

చిన్నోడు: నీ పెళ్ళిలో మా అత్త అలగలేదూ?

బావ: అది కాజాల గొడవ! దాన్ని ఇందులోకి లాక్కు.

చిన్నోడు: అలకంటే అలకే. ఆయన మా తాతల నాటి నుంచి కడుతున్నాడు. పైనుంచి ఎవడో వచ్చి సుత్తెట్టి కొడితే...

బావ: తప్పు పట్టడానిక్కాదురా. అపార్టుమెంటైతే కొనేవాళ్ళ కోసం 2016 రెరా చట్టముంది, అప్పగించిన 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే 30 రోజుల్లో డబ్బు తీసుకోకుండా బాగుచెయ్యాలి. సొంత స్థలంలో మేస్త్రికిచ్చి కట్టించుకున్నాం, మనకేముంది? ఆఖరి వాయిదా డబ్బు మన చేతిలో ఉన్నన్నాళ్ళే మాట చెల్లేది.

చిన్నోడు: ఇచ్చేశాం.

బావ: ఇచ్చేశారా! మరి తడపడానికి ఏ నీళ్ళు వాడారు?

చిన్నోడు: వచ్చావు మళ్ళీ అక్కడికే.

బావ: రాక? సముద్రం వార బోర్లలో ఉప్పు. ఇనుమేసే కాంక్రీటుకి లీటరు నీళ్ళలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం, ఐఎస్ 456లోనే ఉంది. ఉప్పు చేరితే ఊచ తుప్పుపట్టి ఉబ్బుద్ది, పైనున్న కాంక్రీటుని పగలగొట్టేస్తది. కాలవ నీళ్ళు ఎదురుగా పెట్టుకుని బోరేశారా?

చిన్నోడు: కాలవకి నీళ్ళు కట్టేశారప్పుడు. ఎండాకాలం.

బావ: ఊఁ.

చిన్నోడు: బావా... పూజగది మూల తెల్లగా పొడిలా రాలుతుంది. అమ్మ రోజూ తుడిచేస్తుంది, నాన్న చూస్తారని.

బావ: ఎన్నాళ్ళ నుంచి?

చిన్నోడు: సంక్రాంతి నుంచి. ఉండు, ఫోను... మావయ్యే. ఆపెయ్ బావా, రికార్డింగు ఆపెయ్.